ఎనిమిది మందిలో పనిచేసింది ఒక్కడే

ఫల్గుణకు కోపం రావడం అరుదు. వచ్చిందంటే మాత్రం ముందు చెవులు ఎర్రబడతాయి, ఆ తరువాత మాట తగ్గిపోతుంది. రెండువేల ఎనిమిదో సంవత్సరం వానాకాలంలో అరకులోయలోని ఆ చిన్న ఆఫీసుకు వచ్చిపోయే వాళ్ళందరూ గుమ్మంలో నిలబడి అతని చెవులు చూసి, లోపలికి రావాలో మానాలో తేల్చుకునేవారు.

అతనిది అరకుకు ఎగువన గెడ్డ, అంటే కొండవాగు, ఒడ్డునున్న పనసగుడ. తండ్రి గాసి కాలం చేశాడు. తల్లి సోములమ్మ రాగులు పండే చోడిచేను, కొద్దిపాటి కాఫీ మొక్కలు చూసుకుంటూ ఊళ్ళోనే ఉంటుంది. మిషన్ బడిలో చదువుకుని, పార్వతీపురంలో ఉండి డిప్లొమా ముగించి, కొండల్లో నీటి పనులు చేసే ఒక సేవాసంస్థలో ఫల్గుణ కంప్యూటర్ ఆపరేటరుగా చేరాడు. ఆ సంస్థ నడిపే ఫిలిప్పు మాస్టారు బడిలో అతనికి ఎక్కాలు చెప్పిన మనిషే. ఆయన భార్య ఆనందమ్మ గారు ఇప్పటికీ అతన్ని బడిపిల్లాడి కింద లెక్కేసి, పదకొండు గంటలకల్లా ఒక గ్లాసు అంబలి పంపించేది. తాగాడో లేదో తెలుసుకోవడానికి గ్లాసు కోసం తనే వచ్చేది.

ఆ ఏడు ఒక పెద్ద పని వచ్చి పడింది. చుట్టుపక్కల గూడేల ఆడపిల్లలకు ప్రభుత్వం కొత్త హాస్టలు కట్టాలనుకుంది. పనసగుడకు దిగువన గెడ్డ పక్కనున్న చదును నేలలో కట్టాలని ఇంజినీరు వరహాలరావు గారు స్థలం ఖాయం చేశారు. లారీ నేరుగా వెళ్తుంది, నేల చదును చేసే పని లేదు, బాగుంది. కానీ ఊరివాళ్ళు ఒక్క గొంతుతో వద్దన్నారు. తొంభైలో వచ్చిన పెద్దవానకు ఆ చదునంతా మనిషి గుండెల లోతు నీటిలో మునిగింది. ఎగువన ఊళ్ళో ఆ రోజు నీళ్ళు ఆగిన చోట గాసి స్వయంగా ఒక రాయి పాతాడు. ఊరివాళ్ళు ఆ రాయికి ఇప్పటికీ పసుపు పూస్తారు. గాసి కుటుంబం చర్చికి వెళ్ళేదే అయినా, సోములమ్మ కూడా ఆ రాయి చుట్టూ గడ్డి పెరగనివ్వదు. దేవుడు నీటిని ఎక్కడ ఆపాడో అక్కడ తుడిచి ఉంచడం తప్పెలా అవుతుందని అడుగుతుంది.

వరహాలరావు గారు ఈ మాటలన్నీ ఓపిగ్గానే విన్నారు. విని నవ్వారు.

"రాయి పాతారు, బాగుంది. రాళ్ళకేం, ఎక్కడైనా పాతొచ్చు. నాకు లెక్క కావాలయ్యా. కంప్యూటర్లో చూపించండి, స్థలం మారుస్తాం."

పెద్దాఫీసరు దగ్గర మీటింగు బుధవారం. ఆ లోపల లెక్క తేలాలి, లేకపోతే పునాది తవ్వుతారు. ఫల్గుణ కూతురు చిట్టి వచ్చే ఏడు ఐదో తరగతి దాటి ఆ హాస్టలుకే వెళ్ళాలి. వానాకాలమంతా ఆ పిల్ల ఆ చదునులోనే పడుకుంటుంది.

లెక్కంటే చిన్నది కాదు. విశాఖపట్నంలో ఒక కాలేజీలో పాఠాలు చెప్పే డాలీ మేడం తను రాసుకున్న ప్రోగ్రామును సంస్థకు ఉచితంగా ఇచ్చింది. కొండనూ లోయనూ చిన్న చిన్న గళ్ళుగా కోసి, ఒక్కొక్క గడిలోకి ఎంత నీరు వస్తోంది, పక్క గడిలోకి ఎంత జారుతోంది అని ఆ ప్రోగ్రాము అడుగడుక్కీ లెక్క కడుతుంది. ఒక అడుగులో గళ్ళన్నిటి లెక్కా తేలితే గాని తరువాతి అడుగు వెయ్యదు. పాతవాన మొత్తం అలా కురిపించి, గెడ్డ ఎంతవరకు పొంగుతుందో చూడాలి. లెక్క సరైనదో కాదో తెలుసుకోవడానికి ఒక్కటే దారి. ఎగువన ఊళ్ళో నీరు గాసి పాతిన రాయి దాకా వచ్చి ఆగాలి. అక్కడ సరిపోతే దిగువ చదును సంగతి కూడా నమ్మవచ్చు.

సంస్థలో అప్పటికే ఒక కంప్యూటరుంది. ప్రాసెసరులో రెండే కోర్లు, అంటే లెక్క కట్టే పనివాళ్ళు ఇద్దరే, కానీ చురుకైన వాళ్ళు. లోయ మొత్తాన్ని పట్టేంత మెమరీ మాత్రం దానికి లేదు. అలాంటి చురుకైన ప్రాసెసరే ఉన్న మరో కంప్యూటరు, మెమరీ ఎక్కువ వేయించి కొనిపెట్టమని ఫల్గుణ మాఘమాసంలోనే అడిగాడు. సంస్థకు సాంకేతిక సలహాదారు కూడా వరహాలరావు గారే. ఆయన కొట్టిపారేశారు.

"రెండు కోర్లేమిటయ్యా? ఎనిమిది కోర్ల సర్వరు తీసుకోండి. దాతలు వచ్చినప్పుడు చూపించడానికైనా బాగుంటుంది."

చూపించడానికి! ఆ మాట దగ్గరే ఫల్గుణ చెవులు మొదటిసారి ఎర్రబడ్డాయి. ఎనిమిది మందీ నెమ్మదిగాళ్ళే, ఒక్కొక్కడి వేగం పాత ప్రాసెసరులో ఒక్కడి వేగానికి సగం కన్నా కాస్త ఎక్కువ, అంతే. పైగా ఆ సర్వరు ఎక్కడినుంచో రావాలి, ఎవరో సంతకం పెట్టాలి. మాఘం పోయి ఆషాఢం వచ్చాక గాని అది గుమ్మం తొక్కలేదు. మీటింగుకు వారం లేదు.

సరే, వచ్చింది కదా అని ఫల్గుణ ప్రార్థన చేసుకుని పనికి కూర్చున్నాడు. ప్రోగ్రాము రెండు సంగతులు నిర్ణయించమంటుంది. పనిని ఎన్ని థ్రెడ్లకు పంచాలి, అంటే ఎంతమంది పనివాళ్ళను దింపాలి అన్నది ఒకటి. వాళ్ళకు పని ఎలా పంచాలన్నది రెండోది. ఎనిమిది కోర్లున్నాయి కనుక ఎనిమిది థ్రెడ్లు అన్నాడు. ఎలా పంచాలన్న దగ్గర అతనికి ఆలోచించవలసిన అవసరమే కనిపించలేదు. చైత్ర పండగ వేటలో దొరికింది ఊరంతా ఎలా పంచుకుంటుంది? ఈటె వేసినవాడికీ, ఇంట్లో మంచాన పడ్డవాడికీ, తల్లి కడుపులో ఉన్న బిడ్డకు కూడా సమాన వాటా. పుట్టినప్పటి నుంచీ అతను ఎరిగిన న్యాయం అదే. సమాన వాటాలు అని పెట్టాడు. లోయను పైనుంచి కిందికి నిలువుగా ఎనిమిది సమానమైన పట్టీలు చేసి, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి అప్పగించాడు. పని మొదలైంది.

గురువారం పొద్దున మొదలుపెడితే శుక్రవారం సాయంత్రానికి వాన ఇంకా మొదటి జల్లు దగ్గరే ఉంది. ఇలాగే సాగితే లెక్క ముగిసేది మీటింగు దాటిపోయాకే.

కరెంటు తగ్గిపోతోందేమోనని అనుమానించారు. పక్కింటి పిండిమర కృష్ణమూర్తికి సంగతి తెలిసి ఎవరూ అడగకుండానే మర కట్టేశాడు. "ఆడగుంటలు పడుకునే సోటు కదా బాబూ. పిండి రేపు ఆడించుకుంటారు, పీకలేటి తెగిపోవు," అన్నాడు. సంత రోజు శుక్రవారం, మర ముందు చోళ్ళ మూటలతో నిలబడ్డ ఆడవాళ్ళు కూడా ఒక్క మాట అనకుండా మూటలు ఎత్తుకుని వెళ్ళిపోయారు. అయినా వేగం రవ్వంత పెరగలేదు.

తెరమీద చూస్తే ఎనిమిది కోర్లూ నూటికి నూరు పాళ్ళు పనిలో ఉన్నట్టే కనబడుతున్నాయి. ఎనిమిది పచ్చటి గీతలూ నెత్తికెక్కి కూర్చున్నాయి. అందరూ ఒళ్ళు విరిచి పనిచేస్తుంటే పని ఎందుకు కదలదు? శనివారం అతను అదే వానలో చిన్న ముక్క తీసుకుని, చిన్న పటం మీద పాత కంప్యూటరులోనూ కొత్తదానిలోనూ వేసి చూశాడు. పాతది ముందు ముగించింది! ఇద్దరు పనివాళ్ళు ఎనిమిది మందిని ఓడించారు.

వరహాలరావు గారికి ఫోను చేసి చెప్పాడు. అటువైపు నుంచి పెద్దగా నవ్వు వినిపించింది.

"ఎనిమిది కన్నా రెండు ఎక్కువా? ఈ లెక్కలు నీకెవరు చెప్పారయ్యా, మీ ఫిలిప్పు మాస్టారేనా?"

"లెక్క కాదు సార్, గడియారం చెప్పింది."

"చూడు ఫల్గుణా, తాపీ తెలియని చేతికి తాపీ ఇస్తే గోడ వంకరగానే వస్తుంది. బుధవారానికి నీ దగ్గర కాగితముంటే తీసుకురా. లేకపోతే నా పని నన్ను చేసుకోనీ."

ఫోను పెట్టేసి ఫల్గుణ ఫిలిప్పు మాస్టారి దగ్గరికి నడిచాడు. తనను అంటే పడేవాడేమో. చలిలో తన స్వెట్టరు విప్పి పిల్లలకు తొడిగి, తాను వణుకుతూ ఎక్కాలు చెప్పిన ఫిలిప్పు మాస్టారిని అన్నాడు! స్థలం ఖాయం చేసిందీ ఆయనే, యంత్రం ఖాయం చేసిందీ ఆయనే. ఆలస్యం అయినందుకు తప్పు మాత్రం కొండవాళ్ళది! ఊరంతా కళ్ళారా చూసిన వరదకు కాగితం కావాలన్నాడు, కాగితం తీసే పనిముట్టును తనే మొండిచేసి ఇచ్చాడు. ఇదేం న్యాయం? మునిగేది ఆయన కూతురు కాదు కనుకనే గదా!

ఫిలిప్పు మాస్టారు అంతా విని, కళ్ళజోడు తుడుచుకున్నారు.

"కోపం తెచ్చుకో బాబూ, తప్పులేదు. కాని దాన్ని ఆయనమీద ఖర్చుపెట్టకు, పనిమీద పెట్టు. రేపు ఆదివారం ఇంటికెళ్ళి అమ్మను చూసిరా."

ఆదివారం చర్చి ముగిసేసరికే సోములమ్మ కొడుకు కోసం గుమ్మంలో కాచుకుని ఉంది.

"ఏటిరా, సెవులు అలాగున ఉన్నాయి? ఎవుడు ఏటన్నాడు?"

"ఏమీ నేదమ్మా. కంప్యూటరు పెట్టి కదలట్లేదు."

"కదలకపోతే కదలదు. చిన్నమ్మలు అత్త సేనులో ఇయాల కలుపు. మనింటి నుంచి మనిసి ఎల్లాల. నాకు నడుం నొప్పి, నువ్వెల్లు. బేగి ఎల్లు, లైను కట్టేత్తన్నారు."

పనసగుడలో కలుపు ఒక్కరూ తీసుకోరు. ఇంటికొక మనిషి వచ్చి, వాలు కింద వరసగా నిలబడి, ఎవరి పట్టీలో వాళ్ళు కలుపు తీసుకుంటూ పైకి వెళ్తారు. గట్టు దాకా చేరినవాళ్ళు పై మడికి ఎక్కకూడదు. అందరూ చేరాకనే వరస మొత్తం ఒక్కసారిగా పైకి కదలాలి. ముందు వెళ్ళినవాడు అడుగులతో వెనకవాళ్ళ చేను తొక్కుతాడనీ, వెనకబడ్డ మనిషి మనసు నొచ్చుకుంటుందనీ పెద్దలు పెట్టుకున్న పద్ధతి.

ఫల్గుణ పట్టీలో రాళ్ళు ఎక్కువ, కలుపు తక్కువ. తొందరగా గట్టుకు చేరాడు. పక్కన చిన్నమ్మలు పట్టీ గెడ్డవైపు తడినేల, అడుగడుగునా గడ్డి. ఆమె ఇంకా సగం కూడా రాలేదు. అతను గట్టుమీద కూర్చుని మళ్ళీ కంప్యూటరు గురించి ఆలోచనలో పడ్డాడు. వరసలో తనకన్నా ముందు చేరిన భీముడు మాత్రం కూర్చోలేదు. ఎప్పటిలాగే వెనక్కి దిగి చిన్నమ్మలు పట్టీలోకి వంగాడు. అతని వెనకే ఇంకో ఇద్దరు.

"ఒరే ఆపీసరూ!" కిందనుంచి చిన్నమ్మలు అరిచింది. "గట్టుమీద కూకుని కలుపు పీకుతున్నావేటి? నీ కుర్సీ ఇక్కడికి తెప్పించమంటావా?"

వరసంతా గొల్లుమంది. "కుర్సీ ఏటి, పంకా కూడా ఎట్టించు!" అన్నాడు భీముడు.

ఫల్గుణ నవ్వలేదు. గట్టుమీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే చిన్నమ్మలునూ భీముణ్ణీ మార్చి మార్చి చూశాడు. తరువాత ఒక్క ఉదుటున లేచి తడినేలలోకి దిగి, రెండు చేతులా గడ్డి పీకడం మొదలుపెట్టాడు. చేతులు కలుపులో ఉన్నాయి గాని బుర్ర అరకులో ఉంది.

అతను చేసిన ఎనిమిది పట్టీలూ సమానమే. కాని గెడ్డ పారేది ఒక్క పట్టీలో! నీళ్ళున్న గళ్ళన్నీ దాదాపుగా ఒకడి పాలబడ్డాయి. మిగిలిన ఏడుగురికీ దక్కింది పొడి కొండ. నీరు లేని గడికి లెక్కే లేదు. ఏడుగురు క్షణంలో ముగించి గట్టుమీద కూర్చుంటారు, ఒకడు చస్తూ బతుకుతూ గెడ్డ మొత్తం మోస్తాడు. వాడు ముగిస్తే గాని తరువాతి అడుగు లేదు. ఆ ఒక్కడి వేగమే పని మొత్తానికీ వేగం. అందుకే చురుకైన ప్రాసెసరున్న పాత కంప్యూటరు నెగ్గింది. మరి తెరమీద ఎనిమిది మందీ నిండుగా పనిలో ఉన్నట్టు కనబడ్డారే?

ఆ సాయంత్రమే అరకు వచ్చి డాలీ మేడంకు ఫోను చేశాడు. ఆమె వంటింట్లో ఉన్నట్టుంది, తాలింపు చిటపటలు వినబడుతున్నాయి. పొయ్యి ఆపేసి మరీ విన్నది.

"అవును ఫల్గుణా, అదే జరిగింది. ఎదురుచూసే థ్రెడ్లు ఊరికే కూర్చోవు. 'అయిందా, అయిందా' అని తిరుగుతూనే ఉంటాయి. ఆ తిరగడం కూడా తెరమీద పనిలాగే కనిపిస్తుంది. నేను చెప్పి ఉండాల్సింది. నా పొరపాటు కూడా ఉంది."

ఫల్గుణకు మళ్ళీ చెవులు మండాయి. ఎంత అన్యాయం! తోటివాడు బురదలో కూరుకుపోతుంటే గట్టుమీద నిలబడి, అయిందా అయిందా అని అడగడమే పనిగా పెట్టుకుని, పైగా నూటికి నూరు పాళ్ళు చెమటోడ్చినట్టు లెక్కల్లో రాయించుకోవడమా? ఇలాంటివాళ్ళు ఆఫీసుల్లోనే ఉంటారనుకున్నాడు. ఇనప్పెట్టెలోకి కూడా దూరారన్నమాట!

"మేడం, ముందు ముగించినవాడు వెనక్కి దిగి సాయం పట్టే పద్ధతి లేదా?"

"ఉంది. పట్టీలు ఇవ్వకు. చిన్న చిన్న ముక్కలు చేసి కుప్పపెట్టు. ఎవడికి ఖాళీ దొరికితే వాడు తరువాతి ముక్క తీసుకుంటాడు. పని ఎలా పంచాలో అడిగే ఆ రెండో వరసలో ఒక మాట మారిస్తే చాలు. ఇంకొకటి, థ్రెడ్లు ఎనిమిదీ పెట్టకు. మెమరీకి దారి ఒక్కటే. అందరూ ఒకేసారి దానిమీద పడితే ఒకళ్ళకొకళ్ళు అడ్డం. తగ్గించి చూడు."

ఊళ్ళో ఊటబుగ్గ గుర్తుకొచ్చింది అతనికి. బుగ్గ మూతి ఒక్కటే. ఎంతమంది కుండలు తెచ్చినా పడే ధార పెరగదు, తోపులాట పెరుగుతుంది. వంతులు పెట్టుకునే ఆడవాళ్ళు తొందరగా ఇళ్ళు చేరతారు.

సోమవారం పొద్దున ప్రోగ్రాములో ఆ మాట మార్చాడు. చిన్న ముక్క వానతో ఒక్కొక్క థ్రెడ్డు తగ్గించుకుంటూ వచ్చాడు. ఎనిమిది నుంచి ఆరుకు దిగినా వేగం తగ్గలేదు, పైగా కాస్త ముందే అయింది. నాలుగుకు దిగితే మళ్ళీ మందగించింది. ఆరు దగ్గర ఆగి, అసలు వానను మొదటినుంచీ కురిపించాడు. ఈసారి గెడ్డ కళ్ళముందు కదిలింది. ఆనందమ్మ గారు అంబలి గ్లాసు పట్టుకుని వెనకే నిలబడి, నీలం రంగు లోయలోకి పాకుతుంటే, "ప్రభువా, ప్రభువా," అంటూ ఉండిపోయింది. కృష్ణమూర్తి ఆ రోజు కూడా మర తిప్పలేదు.

మంగళవారం సాయంత్రం ఎగువన నీరు గాసి రాయి దాకా వచ్చి ఆగింది. ఒక గడి అటూ కాదు, ఇటూ కాదు. దిగువన హాస్టలు కట్టబోయే చదును కిటికీల ఎత్తున మునిగి ఉంది. తండ్రి చేతులతో పాతిన రాయిని ఆ యంత్రం వెతుక్కుంటూ వచ్చి తాకినట్టయింది. ఫల్గుణ బల్లమీద తల పెట్టాడు. ఫిలిప్పు మాస్టారు తన గొడుగు అతని కుర్చీకి తగిలించి, తాను తడుస్తూ ఇంటికి వెళ్ళిపోయారు.

బుధవారం మీటింగులో పటం చూసి పెద్దాఫీసరు కళ్ళజోడు సర్దుకున్నారు. "చదును మునుగుతుందన్నమాట. మరైతే పై గట్టుమీదికి మార్చండి," అన్నారు. అంతే! నెలల తరబడి ఊరు మొత్తుకున్నది ఒక్క నిమిషంలో తేలిపోయింది.

వరహాలరావు గారు చటుక్కున అందుకున్నారు. "ఎనిమిది కోర్ల సర్వరు కొనమని పట్టుబట్టింది నేనే సార్. కంప్యూటరు కనిపెట్టింది కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈ కొండవాళ్ళ మాట పట్టుకుని మనం ఏం చెయ్యగలం?"

మీటింగు రాతలు రాసే గుమాస్తా కలం ఎత్తాడు. "కంప్యూటరు పరిశోధన ద్వారా వరద ముప్పు కనుగొనబడినందున" అని చదువుతూ రాయబోయాడు.

ఫల్గుణ లేచి నిలబడ్డాడు. చెవులు నిప్పుకణికల్లా ఉన్నాయి. ఆనవాయితీ ప్రకారం మాట తగ్గిపోవాలి. తగ్గలేదు.

"అలా రాయకండయ్యా. కంప్యూటరు ఏమీ కనుక్కోలేదు. తొంభైలో నీళ్ళు ఎక్కడ ఆగాయో మా అయ్య రాయి పాతాడు. ఆ రాయి దాకా నీళ్ళు వచ్చాయి కనకనే ఈ లెక్క సరైనదని మాకు తెలిసింది. ఆ రాయే లేకపోతే ఈ పటం ఉత్త రంగు కాగితం. నిజం చెప్పింది మా ఊరు. కంప్యూటరు అవునంది, అంతే. ఆ మాట రాస్తేనే పటం ఇస్తాను."

చుట్టిన పటాన్ని అతను రెండు చేతులతో గుండెకు పట్టుకుని ఉన్నాడు. వరహాలరావు గారు నవ్వబోయి, పెద్దాఫీసరు నవ్వకపోవడం చూసి మానుకున్నారు.

"మీ నాన్నగారి పేరేమిటి?" అన్నారు పెద్దాఫీసరు.

"గాసి అయ్యా."

"పనసగుడ గ్రామస్థులు చెప్పిన వరద గుర్తు, గాసి పాతిన రాయి, దాని ఆధారంగా అని రాయవయ్యా," అని గుమాస్తాకు చెప్పారు. ఫల్గుణ పటం బల్లమీద పెట్టాడు.

మరుసటి ఏడు చిట్టి గట్టుమీది హాస్టలులో చేరింది. వరహాలరావు గారు ఇప్పటికీ ఆ సర్వరును తన ఘనతగానే చెప్పుకుంటారు. ఎనిమిదిలో రెండు కోర్లు ఆ పని జరిగినంత సేపూ ఖాళీగా ఉన్నాయని ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా వినరు. ఆ సంగతి ఎత్తితే ఫల్గుణ చెవులు ఈ రోజుకీ ఎర్రబడతాయి.

ఆ ఏడాది కలుపు రోజుల్లో సోములమ్మ నడుము కుదుటపడి తనే లైనులోకి వచ్చింది. ఆమెకు గెడ్డవైపు తడిపట్టీ పడింది. ఫల్గుణ గట్టుకు చేరి, ఊపిరి కూడా తీసుకోకుండా వెనక్కి దిగి తల్లి పక్కన వంగాడు.

"మీ పెట్టిలో వోళ్ళు ఇప్పుడు సాయానికి దిగుతున్నారేటిరా?" అంది సోములమ్మ, తల ఎత్తకుండానే.

"దిగుతున్నారమ్మా."

"మరింకేటి, ఆ గడ్డి పీకు. ఏర్లతో రావాల, సూడు."

అతను వేళ్ళు లోతుగా దింపి, గడ్డిని వేర్లతో సహా లాగాడు.